పౌండ్ అంటే డబ్బా, బరువా, దంచడమా, దొడ్డా? ఒకే మాటకు ఇన్ని అర్థాలు ఎక్కడివి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పోటీ పరీక్షకు చదువుతుంటే మీకు ఒక ఇంగ్లీషు వాక్యం తగిలింది: "హీ పెయిడ్ టెన్ పౌండ్స్ ఎట్ ద పౌండ్, ఆఫ్టర్ పౌండింగ్ ఆన్ ద డోర్ ఫర్ యాన్ అవర్." డిక్షనరీ తెరిస్తే పౌండ్ కింద బ్రిటన్ డబ్బు, బరువు, దంచడం, బాదడం, పశువుల దొడ్డి అని వరసగా కనబడ్డాయి. ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి, డబ్బుకీ దొడ్డికీ సంబంధం ఏమిటి, ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పౌండ్ అనేది ఒక మాట కాదు, మూడు మాటలు. డబ్బు, బరువు ఒకే మాట. పశువుల దొడ్డి రెండో మాట. దంచడం, బాదడం మూడో మాట. ఈ మూడింటి మధ్య చుట్టరికం లేదు. మూడు ఊళ్ళ నుంచి వచ్చిన ముగ్గురు ఒకే గదిలో అద్దెకు దిగినట్టు ఒకే స్పెల్లింగులో ఇరుక్కున్నాయి, అంతే. కాబట్టి డబ్బుకీ దొడ్డికీ సంబంధం వెతకడం మానేయండి. నేనూ కుర్రతనంలో వెతికాను. దొడ్డిలో పశువును విడిపించుకోవడానికి డబ్బు కట్టాలి కాబట్టి ఆ పేరు వచ్చిందని సొంతంగా ఒక కథ అల్లుకుని, ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా. అది తప్పు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి కదా. ఇరవై ఏళ్ళు దాటింది, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి బతుకుతున్నాను. కోర్టు కాగితాలు, బ్యాంకు ఫారాలు, ఫోన్లో వినబడే రికార్డింగులు, మధ్య మధ్యలో వంటల పుస్తకాలు. పౌండ్ దగ్గర నేను పడ్డ తిప్పలు తక్కువేం కాదు, కింద కొన్ని చెబుతాను.

మనం బడిలో వీటన్నిటినీ నానార్థాలు అని ఒకే గంపలో వేసేస్తాం. అక్కడే గందరగోళం మొదలవుతుంది. ఒక మాటకు రెండు అర్థాలు కనబడితే అది రెండు రకాలుగా జరిగి ఉండొచ్చు. తెలుగులోనే చూడండి. "నెల" అంటే చంద్రుడు, నెల అంటే ముప్పై రోజులు. నెలవంక అన్నప్పుడు మొదటిది, నెల జీతం అన్నప్పుడు రెండోది. ఇది ఒకే మాట, అర్థం సాగింది. అదే "పాలు" తీసుకోండి. గిన్నెలో పాలు వేరు, పాలుపంచుకోవడంలోని పాలు వేరు. రెండోది వాటా. ఇవి పుట్టుకతోనే రెండు వేరు మాటలు, పలకడంలో కలిశాయి. తమిళంలో కూడా ఈ రెండూ ఇలాగే విడివిడిగా ఉన్నాయి. పౌండ్‌లో ఈ రెండు రకాలూ జరిగాయి. డబ్బు, బరువు నెల లాంటివి. దొడ్డి, దంచడం వాటి పక్కకు వచ్చి చేరిన పాలు లాంటివి.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి పౌండ్: తూకం, దాని నుంచి డబ్బు.

రోమన్లకు లిబ్రా అని ఒక తూకం ఉండేది. లిబ్రా అంటే తక్కెడ కూడా. "లిబ్రా పాండో" అనేవాళ్ళు, అంటే తూకం ప్రకారం ఒక లిబ్రా అని. ఇందులో అసలు పేరు లిబ్రా. "పాండో" అన్నది "తూకంలో" అని చెప్పే తోక మాత్రమే. రోమన్లతో వ్యాపారం చేసిన జర్మానిక్ జాతుల వాళ్ళు ఏం చేశారంటే, అసలు పేరును వదిలేసి తోకను పట్టుకెళ్ళారు. ఇంగ్లీషువాళ్ళ పూర్వీకులు బ్రిటన్‌లో అడుగు పెట్టకముందే ఆ మాట వాళ్ళ నోట్లో ఉంది. పాత ఇంగ్లీషులో దాని రూపం "పుండ్". మన చెవికి అది పుండులా వినబడుతుంది, ఏం చేస్తాం. జర్మన్‌లో ఫుండ్, డచ్‌లో పోండ్, అన్నీ అదే కుటుంబం.

అసలు పేరు లిబ్రా ఎక్కడికీ పోలేదు, రాతలో దాక్కుంది. పౌండు బరువును ఇంగ్లీషులో ఎల్, బి అని రెండు అక్షరాలతో రాస్తారు కదా, పౌండ్‌లో లేని ఆ ఎల్, బి ఎక్కడివని ఎప్పుడైనా అనుకున్నారా? అవి లిబ్రావి. బ్రిటన్ డబ్బు గుర్తు కూడా అడ్డగీత గీసిన ఎల్ అక్షరమే. ఇటలీవాళ్ళ పాత లీరా, టర్కీ లీరా కూడా లిబ్రా పిల్లలే. నాకు ఇష్టమైన ముక్క ఇంకోటి ఉంది. జ్యోతిషంలో లిబ్రా అంటే మన తులారాశి. తుల అంటే తక్కెడ. మన తులం కూడా ఆ తుల నుంచి వచ్చిందే. అంటే బంగారం కొట్లో "రెండు తులాలు" అన్నా, లండన్‌లో ఆ గుర్తు గీసినా, వెనకాల వేలాడేది తక్కెడే.

పాండో అన్న మాట లాటిన్‌లో "పెండెరే" అనే క్రియకు చుట్టం. వేలాడదీయడం, తూచడం, చెల్లించడం మూడూ దాని అర్థాలే. డబ్బును తూచి ఇచ్చే రోజులు కాబట్టి తూచడమే చెల్లించడం అయింది. పెన్షన్, స్పెండ్, సస్పెండ్, పెండ్యులం అన్నీ అక్కడివే. మీ తాతగారి పెన్షనుకూ గోడ గడియారం లోలకానికీ బంధుత్వం ఉందంటే నమ్మడం కష్టమే గానీ, ఉంది.

బరువు నుంచి డబ్బుకు ఎలా వచ్చిందన్నది తేలికే. ఒక పౌండు వెండి నుంచి 240 పెన్నీలు కొట్టేవాళ్ళు. ఆ 240 పెన్నీల మొత్తమే లెక్కల్లో ఒక పౌండు. చాలాకాలం పౌండు అనే నాణెమే లేదు, అది పద్దుల్లో మాటే. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. ఈ లెక్క 1971 ఫిబ్రవరి 15 దాకా నడిచింది. ఆ రోజు నుంచి పౌండుకు 100 పెన్నీలు. మన పెద్దవాళ్ళు అణాలూ పైసలూ మార్చుకుని తిట్టుకున్నట్టే అక్కడా తిట్టుకునే ఉంటారు.

ఇది మనకు వింతేమీ కాదు. 1833లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖరారు చేశారు, అంటే సుమారు 11.66 గ్రాములు. వెండి రూపాయి బరువు కూడా సరిగ్గా అంతే. అందుకే మన ఇళ్ళల్లో "రూపాయెత్తు కరక్కాయ పొడి" అనేవాళ్ళు. రూపాయి డబ్బూ అదే, తూకపు రాయీ అదే. ఇంగ్లీషువాళ్ళది తూకం నుంచి డబ్బుకు వెళ్ళింది, మనది డబ్బు నుంచి తూకానికి వచ్చింది. దారి ఒకటే, నడిచిన దిక్కు వేరు.

బంగారం మాట వచ్చింది కాబట్టి పౌను సంగతి కూడా చెప్పాలి. 1817 నుంచి బ్రిటన్‌లో సావరిన్ అనే బంగారు నాణెం కొట్టారు. విలువ ఒక పౌండు, బరువు 8 గ్రాములకు ఒక పిసరు తక్కువ, 22 క్యారెట్లు. మన దగ్గరికి వచ్చి ఆ నాణెం పౌను అయింది. మా గుంటూరు వైపు కాసు అంటాం, చిత్తూరు వైపు సవర అంటారు. సావరిన్ అన్న పేరే నోళ్ళలో నలిగి సవర అయింది. ఇవన్నీ ఇప్పుడు 8 గ్రాములే. తెలంగాణలో మాత్రం తులం లెక్కే ఎక్కువ, అదీ ఇప్పుడు 10 గ్రాములకు గుండ్రం చేసుకున్నారు. కాబట్టి పాత ఉత్తరంలో "అమ్మాయికి ఇరవై పౌన్లు పెట్టారు" అని ఉంటే ఇరవై పౌండ్ల డబ్బు అని గానీ, తొమ్మిది కిలోల బంగారం అని గానీ అనుకోకండి. నూట అరవై గ్రాములు. నేను అనువాదంలో బరువుకూ బ్రిటన్ డబ్బుకూ పౌండు అని, బంగారానికి మాత్రం పౌను అని రాస్తాను. ఇది నా అలవాటు, రూలేమీ కాదు.

బరువులో ఒక మెలిక ఉంది. మామూలు పౌండు అంటే 453.59 గ్రాములు, 16 ఔన్సులు. 1959లో అమెరికా, బ్రిటన్‌తో పాటు ఇంకో నాలుగు దేశాలు కలిసి దీన్ని 0.45359237 కిలోగ్రాములుగా స్థిరపరిచాయి. బంగారం, వెండి తూచే ట్రాయ్ పౌండు వేరు, దానికి 12 ఔన్సులే, సుమారు 373 గ్రాములు. పౌండు దూది బరువా, పౌండు బంగారం బరువా అని ఎవరైనా అడిగితే నవ్వేసి "రెండూ ఒకటే" అనకండి, దూదే బరువు. కానీ ఔన్సు దగ్గరికి వస్తే తిరగబడుతుంది. ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు, మామూలు ఔన్సు 28.35. టీవీలో "ఔన్సు బంగారం ఇన్ని డాలర్లు" అని చెప్పేది ఈ ట్రాయ్ ఔన్సు గురించే.

మన దేశంలో పౌండు పోయిందని అనుకుంటాం గానీ, పోలేదు, పేరు మార్చుకుని తిరుగుతోంది. బంకులో గాలి పట్టించుకునేటప్పుడు "ముందు పాతిక, వెనక ముప్పై కొట్టు" అంటాం. పాతిక ఏమిటి? చదరపు అంగుళానికి పాతిక పౌండ్ల ఒత్తిడి. కొట్టే కుర్రాడికీ తెలియదు, కొట్టించుకునే మనకూ అక్కర్లేదు.

దీనికన్నా నాకు బాగా నచ్చే చోటు మగ్గం. మంగళగిరిలో మా బంధువుల ఇంటి పక్కన నేతవాళ్ళు ఉండేవారు. "ఇది ఎనభై నంబరు నూలు, అది నూరో నంబరు" అని చేత్తో నలిపి చెప్పేసేవాళ్ళు. ఆ నంబరు ఏమిటని ఒకసారి అడిగాను. "నంబరు పెరిగేకొద్దీ సన్నం" అన్నారు ఆ ఇంటి పెద్దాయన. ఎందుకు పెరుగుతుందన్నది నాకు చాలా ఏళ్ళ తర్వాత, జౌళి శాఖ కాగితం ఒకటి అనువదిస్తుంటే తెలిసింది. ఒక చిలప, అంటే ఒక నూలు చుట్ట, 840 గజాలు అనుకుంటే, ఒక పౌండు నూలులో అలాంటి చిలపలు ఎన్ని వస్తాయో అదే నంబరు. ఎనభై నంబరు అంటే ఒక పౌండులో 80 చిలపలు, 67,200 గజాలు. కిలోమీటర్లలో అరవై ఒకటి పైచిలుకు. మంగళగిరి నుంచి బయల్దేరదీస్తే తెనాలి దాటిపోయే దారం, అర కిలో కూడా తూగదు. మెట్రిక్ తూకాల చట్టం 1956లోనే వచ్చినా మగ్గం మీద లెక్క మాత్రం ఇవాళ్టికీ పౌండులోనే నడుస్తోంది.

అమెరికాలో పిల్లలున్న అమ్మమ్మలకు కూడా పౌండు బాగానే తెలుసు. "బుజ్జిగాడు ఏడు పౌండ్లు పుట్టాడట" అని ఫోన్ రాగానే ఇంట్లో ఎవరో ఒకరు రెండు పాయింట్ రెండుతో భాగిస్తారు. సుమారు మూడు కిలోల నూట ఎనభై గ్రాములు, నిక్షేపంలా ఉన్నాడు అని అప్పుడు ఊపిరి పీల్చుకుంటారు.

ఒక చిన్న హెచ్చరిక. పౌండు డబ్బు అనగానే బ్రిటన్ అనేసుకోకండి. ఈజిప్టు, సూడాన్, సిరియా, లెబనాన్ డబ్బును కూడా ఇంగ్లీషులో పౌండ్ అనే అంటారు. ఐర్లండుకూ 2002 దాకా సొంత పౌండు ఉండేది. వార్త ఏ దేశానిదో చూసుకోకుండా రూపాయల్లోకి మారిస్తే లక్ష కాస్తా కోటి అవుతుంది.

రెండో పౌండ్: దొడ్డి.

ఇది పాత ఇంగ్లీషు సొంత మాట, లాటిన్‌తో పనిలేదు. చుట్టూ కంచె వేసి లోపల పెట్టడం, మూసేయడం దీని మూలార్థం. ఇంగ్లండు పల్లెల్లో తప్పిపోయిన పశువులనూ, పక్కవాడి చేలో పడి మేసిన పశువులనూ తోలుకొచ్చి రాతిగోడల మధ్య పెట్టేవాళ్ళు. అదే పౌండ్. సొంతదారుడు వచ్చి డబ్బు కట్టి విడిపించుకుపోవాలి.

చదువుతుంటే మీకు మన ఊరు గుర్తొచ్చే ఉంటుంది. మన బందెలదొడ్డి అచ్చంగా ఇదే. 1871 నాటి క్యాటిల్ ట్రెస్‌పాస్ చట్టం ఇంగ్లీషు ప్రతిలో ఉన్న మాట పౌండే, దాని కాపలాదారు పౌండ్ కీపర్. చేలో పడ్డ పశువును రైతు పట్టుకుంటే 24 గంటల్లోపు దొడ్డికి పంపాలి. 7 రోజుల్లో ఎవరూ రాకపోతే కాపలాదారు పోలీసు స్టేషనుకు తెలియజేయాలి. మా ఊళ్ళో దొడ్డి చెరువు కట్ట కింద ఉండేది. మొలెత్తు మట్టిగోడ, వెదురు తడిక, మూలన పగిలిన కుండతొట్టి. మా గేదె అందులో ఒక రాత్రి ఉంది. పొద్దున్నే మా నాన్న వెళ్ళి బందె కట్టి తోలుకొస్తుంటే, ఆయన కోపం గేదె మీద కాదు, పట్టించిన పక్క చేను ఆయన మీద. ఆ తర్వాత ఆ రెండు ఇళ్ళ మధ్య రెండేళ్ళు మాటల్లేవు.

అంత తెలిసీ నేను తప్పు చేశాను. పని కొత్తలో ఒక పాత తీర్పు అనువాదానికి వచ్చింది. ఎద్దుల జతను పౌండ్‌కు తోలారని అందులో ఉంది. నా తలలో పౌండ్ అంటే బరువే. "ఎద్దులను తూకానికి తోలిరి" అని రాసి ఇచ్చాను. మా పెద్ద గుమాస్తా చదివి కళ్ళద్దాలు తీసి, "ఏమయ్యా, ఎద్దుల్ని తూచడం దేనికి, పెళ్ళిచూపులకా?" అన్నారు. నేను బందెలదొడ్డి పక్కనే పెరిగినవాణ్ణని ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు పల్లె దొడ్లు తగ్గిపోయాయి గానీ మాట పట్నానికి వెళ్ళింది. ఇంగ్లండు, అమెరికాల్లో వీధి కుక్కలను పట్టి ఉంచే చోటు పౌండ్. తప్పుగా నిలిపిన కార్లను లాక్కెళ్ళి పెట్టే చోటు కూడా పౌండే. ఇందులోంచే ఇంపౌండ్ పుట్టింది, దొడ్డిలో పెట్టడం అని. కోర్టు భాషలో ఇప్పుడు దొడ్డిలో పడేది పశువు కాదు, కాగితం. 1899 స్టాంపుల చట్టం 33వ సెక్షన్ ప్రకారం తక్కువ స్టాంపు మీద రాసిన దస్తావేజు అధికారి ముందుకు వస్తే ఆయన దాన్ని ఇంపౌండ్ చేయాలి. అంటే మీకు తిరిగివ్వకుండా తన దగ్గర ఉంచుకోవాలి, లోటు స్టాంపు, జరిమానా కట్టాక వదలాలి. బందె కట్టి గేదెను తోలుకురావడానికీ దీనికీ తేడా ఏముంది చెప్పండి.

ఇక్కడ అనువాదకులు చేసే తప్పు ఏమిటంటే సీజ్‌నూ ఇంపౌండ్‌నూ కలిపి "స్వాధీనం" అని రాసేయడం. పాస్‌పోర్టు విషయంలో ఇది కొంప ముంచుతుంది. పోలీసులు పాస్‌పోర్టును సీజ్ చేయొచ్చు గానీ, ఇంపౌండ్ చేసే అధికారం 1967 పాస్‌పోర్టుల చట్టం కింద పాస్‌పోర్టు అధికారిదే అని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. పట్టుకోవడం వేరు, పట్టుకున్నదాన్ని అట్టేపెట్టుకోవడం వేరు. నేను మొదటిదాన్ని "స్వాధీనం చేసుకోవడం" అని, రెండోదాన్ని "ఇంపౌండ్ చేసి ఉంచుకోవడం" అని రాస్తాను. ఇంగ్లీషు మాట అలాగే ఉంచావేమని విమర్శించినవాళ్ళున్నారు. లాయర్లు, గుమాస్తాలు, కక్షిదారులు అందరూ ఇంపౌండ్ అనే అంటుంటే నేను కొత్త సంస్కృత సమాసం కట్టి ఎవరిని ఉద్ధరించాలి?

ఈ పౌండ్‌కే ఒక చెల్లెలు ఉంది: పాండ్. చిన్న చెరువు, కుంట. నీళ్ళను కట్టవేసి లోపల ఆపితే పాండ్, పశువులను గోడ కట్టి లోపల ఆపితే పౌండ్. మా ఊళ్ళో చెరువూ దొడ్డీ పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికమే గానీ, ఇంగ్లీషులో అవి నిజంగానే ఒక తల్లి పిల్లలు.

మూడో పౌండ్: దంచడం.

ఇదీ పాత ఇంగ్లీషు మాటే, మొదట్లో "పూనియన్" లాంటి రూపం. గమనించారా, అందులో చివర డ లేదు. తర్వాతి కాలంలో నోటి వాటంకోసం వచ్చి అతుక్కుంది. మనం స్కూలుకు ముందు ఇ తగిలించి ఇస్కూలు అన్నట్టు, వాళ్ళు న తర్వాత డ తగిలించారు. సౌండ్‌లో జరిగిందీ ఇదే. శబ్దం అనే సౌండ్ ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దానికీ డ లేదు. ఆ డ గనక రాకపోయి ఉంటే మీకు ఇవాళ ఈ టెన్షన్ మూడింట ఒక వంతు తగ్గేది. (సౌండ్‌లోనూ శబ్దం, ఆరోగ్యంగా ఉండటం, రెండు నేలల మధ్య సముద్రపు పాయ అన్నవి మూడు వేరు మాటలే. అది ఇంకో రోజు.)

ఈ పౌండ్‌ను తెలుగు చేయడంలో కష్టం అర్థం తెలియక కాదు, మనకు మాటలు ఎక్కువై. రోట్లో పసుపుకొమ్ములైతే దంచుతాం. పచ్చడైతే నూరుతాం. మిరపకాయలు కారం కొట్టిస్తాం. బల్ల అయితే గుద్దుతాం, తలుపైతే బాదుతాం, గుండె అయితే దడదడలాడుతుంది. రేకుల మీద వాన దబదబా పడుతుంది. ఇంగ్లీషువాడు అన్నిచోట్లా పౌండ్ అనే అంటాడు. కాబట్టి దెబ్బ ఏది, తగిలేది దేనికి అని చూసుకుని మన మాట ఎంచుకోవాలి.

ఒక అమ్మాయి అనువాదం నేర్చుకుంటూ ఒక వంటల వెబ్‌సైట్‌కు పని చేసింది. మూలంలో "పౌండ్ ద గార్లిక్" అని ఉంది. తను "వెల్లుల్లి ఒక పౌండు" అని రాసింది. నాలుగు టమాటాల పచ్చడికి అర కిలో వెల్లుల్లి! అదృష్టం, అచ్చుకు ముందే పట్టుకున్నాం. దీన్ని పట్టుకోవడానికి చరిత్ర అక్కర్లేదు, పక్క మాట చూస్తే చాలు. "ఎ పౌండ్ ఆఫ్" అని ఉంటే తూకం. "పౌండ్ ద" అని వెంటనే వస్తువు వస్తే దంచు. "ఎట్ ద పౌండ్", "ఇన్ ద పౌండ్", "టు ద పౌండ్" అని చోటు చెబితే దొడ్డి. ముందు అంకె ఉంటే డబ్బో బరువో, ఆ రెండింటిలో ఏదో సందర్భం చెబుతుంది. మీరు బట్టీ పట్టదలిస్తే ఈ పక్క మాటల్ని పట్టండి, అర్థాల జాబితాను కాదు. ఇంకో సంగతి, మంచి డిక్షనరీలో పౌండ్ పక్కన పైన చిన్న అంకెలు ఉంటాయి, 1, 2, 3 అని. చాలామంది వాటిని చూడరు. అవి వేరే పుట్టుక ఉన్న మాటలు అని చెప్పే గుర్తులు. ఒకే అంకె కింద ఎ, బి, సి అని ఉంటే మాత్రం ఒక మాట అర్థాలు సాగడం.

ఫోన్లో పౌండ్.

ఇది మీరు అడగలేదు గానీ ఎప్పటికైనా తగులుతుంది. అమెరికాలో ఫోన్ చేస్తే "ప్రెస్ పౌండ్" అంటుంది. మనం హ్యాష్ అనే గళ్ళ గుర్తు అది. రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు. పాత వ్యాపారులు బరువు సూచించే ఎల్, బి అక్షరాల మీద ఒక అడ్డగీత గీసేవాళ్ళు. గబగబా రాసీ రాసీ అది ఈ గళ్ళ గుర్తుగా మారిందని చెబుతారు. అంటే ఇదీ మొదటి పౌండ్ సంతానమే. కీబోర్డు మీద ఇంకో తమాషా ఉంది. అమెరికా కీబోర్డులో షిఫ్టు పట్టి 3 నొక్కితే గళ్ళ గుర్తు వస్తుంది, బ్రిటన్ కీబోర్డులో డబ్బు గుర్తు వస్తుంది. రెండు పౌండ్లకూ ఒకే మీట.

ఒక కంపెనీకి తెలుగు రికార్డింగులు రాసిచ్చినప్పుడు "పౌండ్ గుర్తు నొక్కండి" అని రాశాను. వాళ్ళు అలాగే చదివించి పెట్టేశారు. వారం తిరక్కుండా కాల్ సెంటర్ నుంచి ఫోను. ఒక పెద్దాయన "నా ఫోన్లో ఇంగ్లండు డబ్బు గుర్తు లేదమ్మా, వేరే ఫోను కొనుక్కోవాలా?" అని అడిగారట. ఆ మాటను "హ్యాష్" అని మార్చి మళ్ళీ చదివించారు. రెండోసారి చదివించిన ఖర్చు నా బిల్లులోంచి పోయింది.

ఇక మీ వాక్యం. మూడు పౌండ్లూ ఒకేచోట పెట్టి ఎవరో కావాలనే అల్లిన వాక్యం అది. "టెన్ పౌండ్స్" ముందు అంకె ఉంది, కట్టాడు అన్నాడు కాబట్టి డబ్బు. "ఎట్ ద పౌండ్" చోటు. "పౌండింగ్ ఆన్ ద డోర్" బాదడం. తెలుగులో: "గంటసేపు తలుపు బాదగా బాదగా, దొడ్డిలో పది పౌండ్లు కట్టాడు." ఇక్కడ దొడ్డి అనడం నాకే నచ్చలేదు. అతను విడిపించుకోవడానికి వెళ్ళింది ఆవునా, కుక్కనా, కారునా అన్నది ఈ ఒక్క వాక్యంలో లేదు. కుక్క అయితే దొడ్డి అనం, కారైతే అసలే అనం. మీ పుస్తకంలో దానికి ముందూ వెనకా ఉన్న వాక్యాలు కూడా పెట్టండి, చూసి చెబుతాను.